తలుపు దగ్గరి మనిషి

మన పెద్దలు చెప్పిన సప్తసంతానాలలో చెరువు ఒకటి. కొడుకు, కావ్యం, నిధి, ఆలయం, వనం, అగ్రహారం, తటాకం - వీటిలో ఏ ఒక్కటి నిలిపినా మనిషి పేరు పదికాలాలపాటు నిలుస్తుందని వారి నమ్మకం. ఆ నమ్మకం వల్ల తెలుగునేలకు మేలే జరిగింది. రాజులు, సామంతులు, రాజబంధువులు పోటీపడి చెరువులు త్రవ్వించారు, శాసనాలు వేయించారు. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారం చెరువు కట్టించి, దాని గట్టున శాసనం నిలిపింది. మా సూర్యాపేట ప్రక్కనున్న పిల్లలమఱ్ఱిలో రేచర్ల రెడ్లు గుడులు కట్టించి, వాటికి చెరువుల క్రింది భూములను వ్రాసియిచ్చారు. ఎరకసానమ్మ 1208లో నిలిపిన ఎరకేశ్వరాలయం ఇప్పటికీ అక్కడ చూడవచ్చు. ఈ శాసనాల పుణ్యాన మావంటి తెలుగు పంతుళ్ళకు ఒక పాఠమూ, పరిశోధకులకు ఒక జీవికా దొరికినవి.

అయితే ఇన్ని శాసనాలలోనూ కట్టించినవాని పేరున్నది, దానమిచ్చినవాని వంశావళి ఉన్నది, దానం చెరిపినవాడు ఏ నరకానికి పోతాడో కూడా ఉన్నది. కట్టిన చెరువుకు ఏటేటా తూము తెరచి మూసినవాని పేరు మాత్రం నాకు ఎక్కడా ఎదురుపడలేదు. కడప మండలంలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం ఈ విషయంలో చూడదగినది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఆ శాసనం, చెరువుకు పన్నెండు సాధనాలు కావాలని, ఆరు దోషాలు ఉండరాదని చెబుతున్నది. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రమెరిగిన పండితుడు, గట్టినేల, తీయని నీటి నది, రాతి గని, నేర్పరులైన పనివారు - ఇలా లెక్క సాగుతుంది. రెండేళ్ళపాటు దినానికి వేయిమంది పనిచేసినట్లు కూడా వ్రాశారు. గొప్ప శాసనమే, కాదనను. పనివారికి సయితం చోటిచ్చిన ఆ పన్నెండింటిలో, పని ముగిసిన మరునాటినుంచి తూముదగ్గర నిలబడవలసిన మనిషికి చోటు లేదు.

శాసనాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కట్టడాన్ని కొలిచి, కనిపెట్టుకొనివుండే పనిని మరచిపోయే ఈ అలవాటు నేటివరకూ మనలను వదలలేదని, దానివల్ల ప్రాణాలు కూడా పోతున్నవని చెప్పడానికే దీనిని ప్రస్తావించాను.

తలుపు దగ్గరి మనిషి చేసే పని ఎటువంటిదో తెలియాలంటే ముందు కదిలే వంతెనను చూడాలి. చెరువు తూములో జరిగే సంగతే అక్కడ మరింత స్పష్టంగా కంటికి కనబడుతుంది. రామేశ్వరయాత్ర చేసిన తెలుగువారికి పాంబన్ వంతెన క్రొత్త కాదు. 1914 ఫిబ్రవరిలో తెరచిన ఆ ప్రాత వంతెన నడుమ రెండు ఉక్కు రెక్కలుండేవి. పడవ రాగానే ఇరువైపులా పనివారు నిలబడి, తమ కండబలంతో పళ్ళచక్రాలు త్రిప్పి, ఆ రెక్కలను పైకి లేపేవారు. పడవ దాటినాక మళ్ళీ దించేవారు. ఆ వంతెన మీద గాలి వేగం గంటకు 58 కిలోమీటర్లు దాటితే రైలును పోనివ్వరాదని నియమం. 1964 డిసెంబరులో వచ్చిన పెనుతుఫాను వంతెన దూలాలను చాలవరకు సముద్రంలో పడవేసినా, ఆ రెక్కలు మాత్రం నిలిచినవి. 2022 డిసెంబరులో ప్రాత వంతెన మీద రైళ్ళు ఆగిపోయినవి. 2025 ఏప్రిల్ 6న క్రొత్త వంతెన వచ్చింది. దానిలో 72.5 మీటర్ల పొడవుగల నడిమిభాగం యథాతథంగా, లిఫ్టు లేచినట్లు, 17 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. ఇప్పుడు కండబలం పని లేదు, విద్యుత్తు లేపుతుంది.

కండబలం అక్కరలేకపోయినంత మాత్రాన మనిషి పని పోయిందా? పోలేదని నా అభిప్రాయం. వంతెనను కదిలించేవాని అసలు పని చక్రం త్రిప్పడం కానే కాదు. ఆ దారి ఒకే క్షణంలో ఇద్దరికి కావాలి. రైలుకు కావాలి, పడవకూ కావాలి. ఇద్దరి హక్కూ న్యాయమైనదే. ఒకరికి తెరిస్తే రెండవవారికి మూసినట్లే. ఎవరిని ఆపాలి, ఎంతసేపు ఆపాలి, ఆగినవానికి ముందుగా ఎలా తెలియజేయాలి, దాటవలసినవాడు పూర్తిగా దాటినాడా లేదా - ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పడమే అతని ఉద్యోగం. చక్రం ఎవరు త్రిప్పినా, ఏది త్రిప్పినా ఈ ప్రశ్నలు మిగిలేవుంటవి.

లండనులో 1894లో తెరచిన టవర్ బ్రిడ్జికి సంబంధించిన రెండు కథలు ఇక్కడ చెప్పాలి. మొదటిది 1952 డిసెంబరు 30 నాటిది. చీకటిపడిన వేళ 78వ నంబరు బస్సు వంతెనపైకి వచ్చింది. ఆ సాయంత్రం మామూలు కాపలాదారుకు బదులు మరొకడు పనిలో ఉన్నాడు. అతడు గంట కొట్టలేదు, అడ్డకట్టు వేయలేదు. బస్సు మధ్యలో ఉండగానే దానిక్రింది రెక్క లేవడం మొదలుపెట్టింది. డ్రైవరు ఆల్బర్ట్ గంటర్ బస్సును ఆపకుండా, వేగం పెంచి, ఇంకా లేవని అవతలి రెక్కమీదికి దూకించాడు. దెబ్బలు తగిలినవి గాని ప్రాణాలు దక్కినవి. అతనికి పది పౌన్ల బహుమానమిచ్చారు. లోకం ఇప్పటికీ ఆ డ్రైవరును తలచుకొంటుంది. సాహసం కథ అవుతుంది కదా! ఆ రాత్రికి ముందు యాభై ఎనిమిదేళ్ళపాటు ప్రతిసారీ వేళకు గంట కొట్టిన చేతులు మాత్రం ఎవరి కథలోనూ లేవు. వాటివల్ల ఏమీ జరుగలేదు కనుక.

రెండవది 1997 నాటిది. అమెరికా అధ్యక్షుడు క్లింటన్, బ్రిటిషు ప్రధాని బ్లెయిర్‌ను చూడడానికి వచ్చిన రోజు. అధ్యక్షుని కార్ల వరుస టవర్ బ్రిడ్జి దాటుతూండగా ముందు కొన్ని కార్లు అటుప్రక్కకు పోయినవి, వెనుకవి ఇటుప్రక్క చిక్కుకొన్నవి. నడుమ వంతెన లేచింది. ఎందుకంటే గ్లాడిస్ అనే తెరచాప పడవ ముందుగా వేళ చెప్పి, చెప్పిన వేళకు వచ్చింది. అక్కడ రోడ్డుమీది బండికంటే నదిలోని పడవకు ముందుహక్కు. ఒక రోజు ముందు తెలియజేస్తే చాలు, రుసుము లేకుండా వంతెన తెరుస్తారు. ఈ కథను చాలామంది నవ్వులాటగా చెబుతారు. నేను మా విద్యార్థులకు ధర్మశాస్త్రంగా చెబుతాను. తలుపు దగ్గరి మనిషికి ఎదుటివాని హోదాతో నిమిత్తం లేకపోవడమనేది లోకంలో అరుదుగా దొరికే వస్తువు. దానివెనుక ఒక వ్రాతపూర్వకమైన నియమం నిలబడివున్నది. ఆ నియమమే లేకపోతే అధ్యక్షుని కారుకు అడ్డంపడే ధైర్యం ఆ ఉద్యోగికి ఎక్కడినుంచి వస్తుంది?

మనకూ ఇటువంటిది అసలు లేదని అనుకోనక్కరలేదు. చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్ళకొకసారి వస్తుంది. 2025 ఫిబ్రవరిలో జరిగింది. ఆ రోజులలో హైదరాబాదు - విజయవాడల మధ్య పోయే 65వ జాతీయ రహదారి వాహనాలను దారి మళ్ళిస్తారు. గొఱ్ఱెలకాపరుల దేవుని కోసం రాజధానికి పోయే బండ్లు చుట్టుదారిన పోతవి. ఎవరూ తప్పుపట్టరు. నియమం ముందుగా తెలిస్తే మన జనం ఓర్చుకోగలరు.

గోదావరి, కృష్ణా డెల్టాలవారికి వంతెనకన్న లాకు తలుపు బాగా పరిచితం. ధవళేశ్వరం ఆనకట్ట 1847నుంచి 1852వరకు కాటన్ దొర కట్టించినది. దాని కాలువలు పొలాలకు నీరిచ్చేవే గాక పడవలకు బాటలు కూడా. ఎత్తుపల్లాలున్న కాలువలో పడవ మెట్టు దిగలేదు కదా! అందుచేత రెండు తలుపుల నడుమ ఒక తొట్టి కట్టారు. పడవ తొట్టిలోకి రాగానే వెనుక తలుపు మూసి, నీటిని వదలి, మట్టం దించి, ముందు తలుపు తెరుస్తారు. దుగ్గిరాల లాకులు, విజ్జేశ్వరం లాకులు అని ఆ చోట్లకు పేర్లే స్థిరపడినవి. అక్కడ లాకు తీసేవానికి పడవవానితో ఒక పేచీ, రైతుతో ఒక పేచీ. పడవను దింపడానికి వదలిన నీరు ఎవరి వాటాలో లెక్క? రోడ్లూ లారీలూ వచ్చినాక పడవల రాకపోకలు తగ్గిపోయి, ఆ పేచీలో ఒక పక్షం మాయమైంది. లాకులమీద రావలసినన్ని కథలు తెలుగులో రాలేదని నాకొక ఫిర్యాదు ఉన్నది గాని, అది మరొకనాటి మాట.

ఇక మా తెలంగాణం. ఇక్కడ నదికన్న చెరువు పెద్దది. పైచెరువు మత్తడి దూకితే క్రింది చెరువు నిండే గొలుసుకట్టు మాది. ఈ చెరువులకు తలుపు దగ్గరి మనిషి నీరటి. నీరడి అని కూడా అంటారు. ఇప్పటికీ అది కొందరికి ఇంటిపేరుగా మిగిలివున్నది. ఇంటిపేరులో బ్రతికి, ఊరిలో చచ్చిపోయిన ఉద్యోగాలలో ఇదొకటి.

నీరటి పనిని ఒకసారి తలచుకోండి. ప్రాతకాలపు తూముకు చెరువులోపల, కట్టకు కొంత ఎడంగా, రెండు రాతి స్తంభాలు. వాటి నడుమ కడ్డీ, కడ్డీ కొసన తూము కన్నానికి బిగించిన దిమ్మ. నిండు చెరువులో అక్కడిదాకా ఈదిపోయి, దిమ్మను ఎంత లేపాలో అంత లేపాలి. జాన లేపవలసినచోట బెత్తెడు లేపితే చివరి మడి తడవదు. మూర లేపితే మొదటి మడి కొట్టుకొనిపోతుంది. రోజూ కట్ట మొదటినుంచి చివరిదాకా నడవాలి. ఎండ్రకాయ బొరియ చూడాలి, చెట్టువేరు చూడాలి, కట్ట వెనుకవైపు చెమ్మ చూడాలి. ఆ చెమ్మలో మట్టి కలిసివస్తున్నదా, తేట నీరు వస్తున్నదా? తేట నీరయితే ఊట, బురద నీరయితే కట్ట లోపల కరగిపోతున్నదని గుర్తు. ఈ భేదం తెలిసినవాడు ఊరిని రక్షిస్తాడు. వానరాత్రి మత్తడి శబ్దాన్నిబట్టి నీరు ఎంత మందాన దూకుతున్నదో చెప్పగలిగినవాడు నీరటి. ఆబి పంటకు ఎంత, తాబికి ఎంత అని తైబందీ నిర్ణయించడానికి పెద్దలు కూర్చుంటారు. కాని చెరువులో నిజంగా ఎన్ని తడుల నీరున్నదో చెప్పవలసిన మాట మాత్రం అతనిదే.

ఈ పనికి అతనికి దక్కినది ఇనాం భూమి, కల్లం దగ్గర కొన్ని గింజలు. గ్రామసేవకు ఇచ్చే ఇనాములలో శేతుసింది, బలోతా ఇనాములతోపాటు నీరడి ఇనాం కూడా ఉన్నదని 1955 నాటి హైదరాబాదు ఇనాముల రద్దు చట్టం పేరుపెట్టి చెబుతున్నది. శాసనాలు మరచిన పేరు చివరకు ఒక రద్దు చట్టంలో కనబడడం విడ్డూరమే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పకపోతే అన్యాయమవుతుంది. నీరటి కాలాన్ని బంగారుకాలంగా వర్ణించేవారితో నాకు ఏకీభావం లేదు. నీరటి సాధారణంగా దళితుడో, వెనుకబడిన కులంవాడో. తండ్రి తరువాత కొడుకు చేయవలసిన పని. వెట్టికీ దీనికీ నడుమ గోడ చాలా పలుచన. గ్రామంలో అందరికంటే కఠినమైన తీర్పు చెప్పవలసిన మనిషిని గ్రామంలో అందరికంటే తక్కువచోట నిలబెట్టారు. దొర పొలానికి ఒక తడి ఎక్కువ కావాలని గడీనుంచి మనిషి వస్తే, నీరటి ఏ నియమాన్ని చూపి కాదనగలడు? అధ్యక్షుని కార్లను ఆపిన వంతెనవాని వెనుక ఉన్న వ్రాత నీరటి వెనుక లేదు. ఉన్నదల్లా వాడుక. బలవంతుడు కన్నెఱ్ఱచేస్తే వాడుక వంగుతుంది. 1946నుంచి 1951వరకు ఈ నల్లగొండ నేలమీద సాగిన సాయుధపోరాటంలో భూమి, వెట్టి ముందువరుసలో నిలిచినవి. తూము అధికారం కూడా ఆ భూమి కథలో భాగమే. ఏ పొలం తడుస్తుందో నిర్ణయించేవాడే ఏ పొలానికి విలువ ఉంటుందో నిర్ణయిస్తాడు.

ఇనాములు పోయినవి. మంచిదే. దొరలూ పోయారు. మరీ మంచిది. చెరువులు ప్రభుత్వం చేతికి వచ్చినవి. కాని నీరటి చేసిన పని ఎవరి చేతికి వచ్చింది? అతడు క్రమక్రమంగా గ్రామసేవకుడైనాడు, తరువాత గ్రామ రెవెన్యూ సహాయకుడైనాడు. చెరువు కట్టమీద నడవవలసిన కాళ్ళు కచేరీ మెట్లు ఎక్కి దిగడానికి అలవాటుపడినవి. 2023లో ఆ సహాయకుల వ్యవస్థనే రద్దుచేసి, ఇరవైవేలకు పైగా ఉన్న ఆ ఉద్యోగులను వేరువేరు శాఖలలో సర్దుబాటు చేయాలని ప్రభుత్వం నిశ్చయించింది. వారికి స్థిరమైన జీతం దొరకడం న్యాయం. ఆ విషయంలో నాకు రెండవ మాట లేదు. చెరువు సంగతి వేరు.

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులను పునరుద్ధరించాలని సంకల్పం. పూడిక తీశారు, కట్టలు బలపరచారు, తూములు బాగుచేశారు. ఆ పథకంలో మేలు జరిగిందని ఒప్పుకొంటాను. పూడికమట్టి పొలాలలో పోసుకొన్న రైతులను అడిగితే చెబుతారు. అయితే ఆ సంకల్పంలో కూడా పోరుమామిళ్ళ శాసనం పోకడే కనబడుతున్నది. మట్టికి, రాతికి, ఇనుముకు లెక్క ఉన్నది. బాగుచేసిన తూముకు మరునాడు ఎవరు నూనె పెడతారనే లెక్క లేదు. క్రొత్తగా బిగించిన షట్టరు మరచుట్టు నాలుగు వానలకు తుప్పుపడుతుంది. ఆ తరువాత దానిని తెరవాలంటే గొడ్డలి కావాలి, మూయాలంటే ఇసుకబస్తా కావాలి.

మా ప్రాంతం మరొక విధంగా కూడా తలుపు దగ్గరి మనిషికి బాకీపడివున్నది. శ్రీరాంసాగర్ రెండవ దశ కాలువలు గోదావరి నీటిని సూర్యాపేట ప్రాంతానికి తేవలసినవి. అంత దూరంనుంచి వచ్చే వ్యవస్థకు మా ఊళ్ళు తోక. కోదాడ, మిర్యాలగూడలవైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ. 1967 ఆగస్టులో నీరు వదలిననాటినుంచి అక్కడ కూడా తలకూ తోకకూ పేచీ ఉండనేవున్నది. తలదగ్గరి రైతు చెడ్డవాడని నేననను. కళ్ళముందు నీరు పోతూవుంటే ఎండుతున్న మడిని చూస్తూ కూర్చోవడం ఏ రైతుకూ సాధ్యం కాదు. అందుకే మధ్యలో ఒక మనిషి కావాలి. కాలువమీద అతనిని లష్కరు అంటారు. పారసీకంలో లష్కరు అంటే సైన్యం. సైన్యమనే మాట చివరకు మైళ్ళకొద్దీ గట్టుమీద చేతికర్రతో, లాంతరుతో, ఒంటరిగా నడిచే మనిషికి పేరైంది. మాటలకు పట్టే గతి ఇలాగే ఉంటుంది. లాంతరు పోయి టార్చిలైటు వచ్చింది గాని, ఒంటరితనం పోలేదు. అర్ధరాత్రి పదిమంది వచ్చి తూము తెరువుమంటే అతడు ఏం చేయాలి? కాదంటే దెబ్బలు, ఔనంటే తోక పొలం ఎండుతుంది. తోక రైతుకు అతని పేరు తెలియదు. నీరు రాలేదని మాత్రమే తెలుసు.

ఇది పంటల సంగతి. ప్రాణాల సంగతి ఇంకా ఉన్నది. గత కొద్ది సంవత్సరాలలో మన నదులమీద తలుపుల చరిత్ర చూడండి. 2019 అక్టోబరు 5న మా మూసీ ప్రాజెక్టు తలుపు ఒకటి కొట్టుకొనిపోయి, అంతవరకు నిలువజేసిన నీరు వృథాగా దిగువకు పోయింది. 1963లో పూర్తయిన ప్రాజెక్టు అది. 2021 ఆగస్టు 5న కృష్ణమీద పులిచింతలలో 16వ తలుపు విరిగిపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ తలుపు గొలుసు తెగింది. 33 తలుపులలో ఒక్కటి పోతే మూడు రాష్ట్రాల రైతులు ఉలిక్కిపడ్డారు. అప్పుడు మన తెలుగువాడైన కన్నయ్య నాయుడు, ఉద్యోగవిరమణ చేసిన వయసులో, అక్కడికి పోయి, ప్రవాహం సాగుతూండగానే ఉక్కు పలకలు దింపించి నీటిని ఆపించారు. ఆయన నేర్పును దేశమంతా పొగడింది. పొగడవలసినదే. ఒక తలుపు పోయినప్పుడు వెతకి పిలిపించవలసినంత అరుదైనదిగా ఆ నేర్పు ఎందుకు మారిపోయిందని మాత్రం ఎవరూ అడుగలేదు.

ఇవి మూసివుండవలసిన తలుపులు తెరచుకొన్న కథలు. తెరచుకోవలసిన తలుపులు తెరచుకోని కథలు మరింత భయంకరం. కడెంలో 2022 జూలైలో చరిత్రలో ఎన్నడూ రానంత వరద వచ్చినప్పుడు 18 తలుపులలో ఒకటి లేవలేదు. నీరు ఆనకట్టపైనుంచి పొర్లింది. ఆనకట్ట నిలవడం అదృష్టం. మరుసటి సంవత్సరం జూలైలో మళ్ళీ అదే కడెంలో నాలుగు లేవలేదు. కడప మండలంలో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టుకు అటువంటి అదృష్టం లేకపోయింది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున, అయిదు తలుపులలో ఒకటి తెరచుకోని స్థితిలో, ఆనకట్ట తెగి, దిగువ పల్లెలు తుడిచిపెట్టుకొనిపోయి, పదులకొద్దీ ప్రాణాలు పోయినవి. అంత వరదకు ఆ అయిదవ తలుపు తెరచుకొన్నా సరిపోయేదా కాదా అని నిపుణులు వాదించుకోవచ్చు. తెరచుకోని తలుపు తెరచుకోదని వరదకు ముందే తెలిసివుండాలని చెప్పడానికి నిపుణత అక్కరలేదు.

దీనికి యంత్రమే మందు అనేవారున్నారు. దూరంనుంచే తలుపులు లేపవచ్చు, నీటిమట్టాన్ని పరికరాలే చెబుతవి, మనిషి ఎందుకని వారి ప్రశ్న. నేను యంత్రవిరోధిని కాను. పాంబన్‌లో విద్యుత్తు వచ్చినందుకు సంతోషించేవాణ్ణే. చక్రం త్రిప్పిన ఆ కార్మికుల వీపులను తలచుకొంటే ఎవరికైనా సంతోషమే కలగాలి. అయితే మట్టం కొలిచే పరికరం మట్టం చెబుతుంది గాని, కట్ట వెనుక బురద నీరు వస్తున్నదని చెప్పదు. దూరంనుంచి మీట నొక్కినవానికి గొలుసు చేసే క్రొత్త కిఱ్ఱుచప్పుడు వినబడదు. తలుపు క్రింద బట్టలుతుకుకొంటున్న మనిషి కనబడదు. యంత్రానికి శక్తి ఉన్నది, చూపు కూడా కొంత ఉన్నది. జవాబుదారీ లేదు. తోక రైతు వచ్చి నా వంతు నీరేదని అడిగితే యంత్రం తల వంచుకోదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి చెరువుకూ, ప్రతి తలుపుకూ ఒక మనిషి ఉండాలి. అతని పేరు, ఆమె అయితే ఆమె పేరు, తూము గోడమీద వ్రాసివుండాలి. కట్టించిన మంత్రి పేరు చెక్కిన శిలాఫలకం ప్రక్కనే వ్రాసినా నాకు అభ్యంతరం లేదు. కులంవల్ల వచ్చే పని కారాదు, పరీక్షవల్ల రావాలి. నెల జీతం ఉండాలి. చిన్నచెరువులయితే నాలుగింటికి కలిపి ఒకరిని నియమించినా సరే. ఏడాదికొకసారి, వానలకు ముందు, ప్రతి తలుపునూ పూర్తిగా తెరచి మూసి, ఊరివాళ్ళ ఎదుట చూపించాలి. వెనుక బొడ్రాయి పండుగకు ఊరంతా కూడినట్లు దీనికీ కూడవచ్చు.

ఇంకొకటి నా వృత్తికి చెందిన కోరిక. తలుపులు ఎప్పుడు, ఎంత లేపాలో చెప్పే నియమాలు తెలుగులో ఉండాలి. నేను చూచిన ఒకటి రెండు చోట్ల గోడమీద వ్రేలాడే కాగితం ఇంగ్లీషులో ఉన్నది. దానిక్రింద నిలబడి పనిచేసే మనిషి దానిని చదువలేడు. అర్ధరాత్రి వచ్చిన పదిమందికి అతడు చూపించవలసిన ఆయుధం ఆ కాగితమే కదా! చదువలేని ఆయుధాన్ని చేతికిచ్చి ఏం లాభం? తెలుగులో వ్రాయడానికి మాటలు లేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తూము, మత్తడి, అలుగు, కట్ట, శిఖం, ఆయకట్టు, వంతు, తడి, తైబందీ, గండి - ఇంత పదసంపద ఉన్న పనికి పరభాషలో నియమావళి వ్రాయడం బద్ధకమే గాని అవసరం కాదు. చక్కని తెలుగులో, పెద్ద అక్షరాలలో, ఇంత మట్టానికి ఇన్ని తలుపులు, ఇంతకుమించి ఎవరు అడిగినా తెరవరాదు, తెరచేముందు దిగువ ఊళ్ళకు ఈ విధంగా తెలుపవలెను అని వ్రాయవచ్చు. క్రింద అధికారి సంతకం ఉండాలి.

అతడు రోజూ వ్రాసే పుస్తకం ఒకటి కావాలి. ఈ రోజు మట్టం ఎంత, ఎన్ని గంటలకు తెరచాను, ఎవరు అడిగారు, ఎవరిని కాదన్నాను అని. ఆ కాదన్నవారి పేర్లు కూడా వ్రాయాలి. మన విశ్వవిద్యాలయాలలో తెలుగు శాఖలు వృత్తిపదకోశాలు తయారుచేసిన చరిత్ర ఉన్నది. నీరటిపని తెలిసిన వృద్ధులు ఇంకా అక్కడక్కడ ఊళ్ళలో ఉన్నారు. వారిదగ్గరకు పోయి, బురద ఊటకూ తేట ఊటకూ ఏ పేర్లు, మత్తడి చప్పుడులో ఎన్ని రకాలు, తూము దిమ్మకు ఏ చెట్టు కొయ్య మంచిది అని అడిగి వ్రాసుకొనే విద్యార్థులు నాకు కావాలి. ఈ ఎండాకాలంలో చెరువులు ఎండి, ప్రాత తూముల రాతి స్తంభాలు బయటపడే రోజులలో, చివ్వెంల మండలంలో ఆ పని మొదలుపెట్టాలని ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో మాట్లాడివున్నాను. తమ ఊరి నీరటి కుటుంబం ఎక్కడున్నదో తెలిసిన పాఠకులు కబురుచేస్తే మేమే వచ్చి కూర్చుంటాం.